నీళ్ల వంతు

మొక్క బతికి ఉందో లేదో తెలుసుకోవడానికి మా మాస్టారు నేర్పిన పరీక్ష ఒకటుంది. కాండం మీద బెరడును గోటితో కొద్దిగా గీరాలి. లోపల పచ్చటి తడి కనిపిస్తే ప్రాణం ఉన్నట్టు. పొడిగా, చెక్క రంగులో ఉంటే పోయినట్టు. 2019 మే నెలాఖరులో ఒక సాయంత్రం విశాఖపట్నంలోని మా వీధిలో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒక్కొక్క మొక్కనూ అలా గీరుకుంటూ నడిచాను. ముప్ఫై ఒక్క మొక్కల్లో తొమ్మిదింటికి లోపల తడి లేదు. వాటిలో రెండు మా గేటుకు ఇరవై అడుగుల దూరంలోనే ఉన్నాయి. నేను రోజూ వాటి పక్కనుంచే స్కూటరు తీసుకుని వెళ్తున్నాను.

ఆ మొక్కల వెనక చిన్న కథ ఉంది. 2014 అక్టోబరు 12, ఆదివారం నాడు హుద్‌హుద్ తుపాను మా ఊరి మీదే తీరం దాటింది. గంటకు 180 కిలోమీటర్లకు చేరువైన గాలి. మర్నాడు తలుపు తీస్తే మా వీధిని మేమే గుర్తుపట్టలేకపోయాం. నిద్రగన్నేరు చెట్లు, తురాయి చెట్లు వేళ్లతో సహా కూలి కరెంటు తీగల మీద పడి ఉన్నాయి. రెండు వేపలు, ఒక ముసలి కానుగ మాత్రం నిలబడ్డాయి, వాటికీ ఒక్క ఆకు మిగల్లేదు. ఆ పై వేసవిలో తెలిసింది, మధ్యాహ్నం పూట మా వీధిలో నడవలేమని. నీడ ఉన్నంతకాలం అది ఎవరికీ గుర్తుకు రాని సంగతి.

2017 వర్షాల్లో అందరం కలిసి మొక్కలు నాటాం. కానుగ, పొగడ, నేరేడు, వేప, వాటితో పాటు నర్సరీలో తేరగా దొరికిన ఎనిమిది ఏడాకుల పొన్నలు. ఫొటోలు దిగాం. దాతలు ఇనుప గార్డులు ఇచ్చారు, వాటి మీద వారి పేర్లు రాయించుకున్నారు. మర్నాటి నుంచి నీళ్లు పోసింది ఒక్క మాస్టారే. లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, అప్పటికే డెబ్బై దాటాయి. తెల్లవారుజామున ఐదింటికి తన ఇంటి బోరుకు పైపు తగిలించి, పైపు అందినంత మేరా పట్టి, అందని చోటికి బకెట్లు మోసేవారు. మేం ఆఫీసులకు వెళ్తూ నమస్కారం పెట్టేవాళ్లం. "మీరు లేకపోతే ఈ వీధి ఏమైపోయేదో మాస్టారూ" అనేవాళ్లం. ఆయన నవ్వి ఊరుకునేవారు. రెండేళ్లు అలాగే గడిచాయి.

2019 ఏప్రిల్‌లో తుంటి ఎముక ఆపరేషను కోసం ఆయన హైదరాబాదులో కూతురి దగ్గరకు వెళ్లారు. ఆగస్టులో చేతికర్రతో తిరిగి వచ్చారు. ఆటో దిగి వీధి పొడవునా చూశారు. కోప్పడలేదు. "బోరు చెడిపోయిందా?" అని మాత్రం అడిగారు. "లేదు మాస్టారూ" అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. ఇరవై ఆరు ఇళ్లు, రెండు అపార్ట్‌మెంట్లు ఉన్న వీధిలో ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్న వల్లే రాస్తున్నాను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. వీధి చెట్లను ఒక మహానుభావుడికి వదిలేయకూడదు. ఎవరి గేటు ముందున్నది వారిదని పంచుకోకూడదు. తలా ఇంత వేసుకుని జీతానికి అప్పగించి చేతులు దులుపుకోకూడదు. వీధి మొత్తానికి వంతు ఉండాలి. ఆ వంతును ఎవరికి వారు తమ చేతులతోనే చేయాలి.

ఒక్కరి మీద భారం వేసే అలవాటు మనకు బాగా ఉంది. కర్ణాటకలో సాలుమరద తిమ్మక్క భర్త చిక్కయ్యతో కలిసి హులికల్, కుదూరు ఊళ్ల మధ్య రోడ్డు పక్కన 385 మర్రిచెట్లు పెంచింది. కుండలతో నీళ్లు మోసి మరీ పెంచింది. మన ఖమ్మం జిల్లా రెడ్డిపల్లిలో వనజీవి రామయ్యగారు మెడలో 'వృక్షో రక్షతి రక్షితః' బోర్డు వేసుకుని, జేబుల్లో విత్తనాలు నింపుకుని తిరిగారు. ఆయనకు 2017లో, ఆమెకు 2019లో పద్మశ్రీ ఇచ్చారు. ఇద్దరూ 2025లో వెళ్లిపోయారు. వారికి చేతులెత్తి మొక్కుతాను. కానీ వారి బతుకుల నుంచి మనం తప్పు పాఠం నేర్చుకున్నాం. ప్రతి ఊరికీ ఒక తిమ్మక్క, ఒక రామయ్య పుడతారని, వారికి దండలు వేస్తే మన పని అయిపోతుందని అనుకుంటున్నాం. మా మాస్టారికీ ఒక స్వాతంత్ర్య దినోత్సవం నాడు శాలువా కప్పాం. ఆ శాలువా ఖరీదుకు ఇంకో వంద అడుగుల పైపు వచ్చేది.

చట్టమూ ఇదే దారిలో ఆలోచించింది. తెలంగాణలో 2015లో మొదలైన హరితహారానికి 230 కోట్ల మొక్కల లక్ష్యం పెట్టారు. ఆ తరువాత 2018 పంచాయతీరాజ్ చట్టంలో నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలన్న నిబంధన తెచ్చారు. నాటినవి కాక బతికినవి లెక్కించాలన్నది ఎంతో మంచి ఆలోచన, ముందే రావలసినది. కానీ ఆ బాధ్యత సర్పంచి నెత్తిన, కార్యదర్శి నెత్తిన పెట్టారు. అంటే మళ్లీ ఒకరిద్దరి మీదే. ఊరు మాత్రం పక్కన నిలబడి చూస్తుంది.

చిన్నప్పుడు బడిలో అందరం వల్లె వేశాం, అశోకుడు బాటల వెంట చెట్లు నాటించెను, బావులు తవ్వించెను అని. ఆ మాట మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద కూడా చెక్కి ఉంది. ఆయన రెండో శిలాశాసనంలో చెట్లూ బావులూ ఒకే వాక్యంలో వస్తాయి, మనుషుల కోసమూ పశువుల కోసమూ అని. ఆ రెండింటి మధ్యా, అంటే బావికీ చెట్టుకూ మధ్య, కడవ పట్టుకుని నడిచిన మనిషి మాత్రం శాసనానికి ఎక్కలేదు.

మా వీధిలో మొదట చేసిన ప్రయత్నం గేటు లెక్క. ఎవరి గేటు ముందు మొక్క ఉంటే వారే పెంచాలి. వినడానికి న్యాయంగానే ఉంటుంది. మూడు నెలల్లో దాని లోపాలన్నీ బయటపడ్డాయి. రెండిళ్ల వారు అమెరికాలో పిల్లల దగ్గర ఉన్నారు, గేటుకు తాళం. ఒకాయన సింహద్వారానికి ఎదురుగా చెట్టుంటే వేధ, అంటే వాస్తు దోషం అంటారు, ఆయన ముందున్న నేరేడుకు నీళ్లు అందకపోవడమే ఆయనకు కావాలి. ఒకరికి కారు పెట్టుకునే చోటు కావాలి. ఖాళీ స్థలం ముందున్న రెండు మొక్కలు ఎవరివీ కావు. అన్నిటికంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. గేటు ముందు మొక్క నాదైనప్పుడు దాన్ని కొట్టేయడమూ నా ఇష్టమే అవుతుంది. ఆకులు రాలి వాకిలి పాడవుతోందని ఇంకొకాయన ఒక పొగడను మొదలంటా నరికారు. నీరు, నేల, చెట్ల రక్షణకు తెచ్చిన వాల్టా చట్టం 2002 నుంచి ఉంది, అనుమతి లేకుండా చెట్టు కొట్టకూడదని చెప్పాం. "నా ఇంటి ముందు చెట్టు, మీకేమిటి?" అన్నారు. మేమే కదా ఆయనకు ఆ హక్కు రాసిచ్చింది.

అప్పుడు వంతు మొదలుపెట్టాం. మూడిళ్లు ఒక జట్టు. ఒక్కో జట్టుకు ఒక రోజు. ఆ రోజు వంతు వచ్చినవారు తమ గేటు ముందున్న మొక్కనే కాక, వీధిలో ఆ రోజుకు నీళ్లు అందవలసిన మొక్కలన్నిటినీ చూడాలి. మొదటి మూడు వేసవులు దాటని మొక్కకు వారానికి రెండుసార్లు, ఒక్కోసారి రెండు బకెట్లు. అదీ ఒక్కసారిగా కుమ్మరించకుండా, పాదు నిండి నీళ్లు ఇంకిన తరువాత రెండో బకెట్టు. రోజూ చెంబెడు పోస్తే వేళ్లు పైపైనే తిరుగుతాయి, గాలికి పడిపోయేవి అవే. హుద్‌హుద్‌ను చూసినవాళ్లకు ఈ ముక్క విడమరచి చెప్పనక్కరలేదు.

మూడు వారాలు గడిచేసరికి ఒక సంగతి కనిపించింది. అది చెప్పడానికి నాకు ఇప్పటికీ మనసు కష్టంగా ఉంటుంది. వంతు రోజుల్లో బకెట్లు మోస్తున్నది అపార్ట్‌మెంటు వాచ్‌మన్ భార్య. మరో మూడిళ్ల నుంచి పనిమనుషులు వస్తున్నారు. మా ఇంట్లోనూ ఒక వారం అదే జరిగింది, నేను ఊళ్లో లేను, మా పనమ్మాయి వెళ్లింది. ఎవరూ ఆమెకు అదనంగా రూపాయి ఇవ్వలేదు. కాగితం మీద అది స్వచ్ఛంద సేవ. అసలు జరిగింది వెట్టి.

ఇది కొత్త జబ్బు కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో చెరువు కట్టలు, కాలువలు బాగుచేసుకోవడానికి కుడిమరామత్తు అనే కట్టుబాటు ఉండేది. ఊరివారే తమ శ్రమతో పూడిక తీసి, గండ్లు పూడ్చుకునేవారు. 1858లో ఆ శ్రమను తప్పనిసరి చేస్తూ కంపెనీ ప్రభుత్వం చట్టం కూడా తెచ్చింది. పాత రోజుల గురించి మాట్లాడేటప్పుడు ఊరంతా చేయి కలిపేదని మురిసిపోతాం. పార పట్టిన చేతులు చాలాసార్లు ఊరి చివరి పేటలవని, నీళ్లు ముందుగా పారిన పొలాలు వేరేవారివని కూడా ఒప్పుకోవాలి. వంతు అనే మాటను నేను అంతగా పట్టుకుంటున్నాను కాబట్టి, దాని వెనకనున్న ఈ నీడను దాచి మాట్లాడలేను.

ఆ ఆదివారం అందరం మా మేడ మీద కూర్చుని ఒక నియమం పెట్టుకున్నాం. వంతు ఇంటివారే చేయాలి. వీలుకాకపోతే ఇంకో ఇంటివారితో రోజు మార్చుకోవాలి, కింది మనిషికి అప్పగించకూడదు. ఒంట్లో శక్తి లేనివారు వంతుల లెక్కను పుస్తకంలో రాయాలి, ఫోన్లు చేయాలి. పెద్ద కొమ్మ కొట్టడం, గొయ్యి తవ్వడం లాంటి పనికి మనిషిని పిలిస్తే బజారు కూలి ఇవ్వాలి, ఆ డబ్బు అందరం వేసుకోవాలి. ఇద్దరు పెద్దమనుషులు లేచి వెళ్లిపోయారు. నియమం మాత్రం నిలబడింది.

నాకు ఎక్కువగా ఎదురయ్యే వాదన పన్ను గురించి. "ఇంటి పన్ను కడుతున్నాం, నీళ్ల పన్ను కడుతున్నాం, మొక్కలకు నీళ్లు కూడా మనమే పోయాలా?" అంటారు. ఈ వాదనను నేను తేలికగా తీసుకోను. తీగలకు తగిలే కొమ్మలు తీయడం, కూలిన మాను తొలగించడం, రోడ్డు వేసేటప్పుడు చెట్టుకు చోటు వదలడం, ఇవి ప్రభుత్వం చేయవలసిన పనులు. వాటిని అడగడం మానకూడదు. కానీ రెండేళ్ల పొగడ మొక్కకు బుధవారం ఊతకర్ర విరిగితే గురువారం చూడవలసింది ఆ దారిన నడిచే మనిషే. ట్యాంకరు పెద్ద రోడ్డు మధ్యలో మొక్కలకు నీళ్లు కొట్టుకుంటూ పోతుంది, సందుల్లోకి రాదు. వచ్చినా ఆకు వెనక పట్టిన పురుగును చూడదు. ఇంకో మాట. వంతు చేస్తున్న వీధి వెళ్లి అడిగితే అధికారులు వినే తీరు వేరుగా ఉంటుంది. చెట్టు ఎక్కడ ఉందో, దానికి ఎప్పుడు ఏమైందో మా పుస్తకంలో తేదీలతో ఉంది.

రోడ్డు విషయంలో అది అక్కరకు వచ్చింది. 2021లో సిమెంటు రోడ్డు వేసిన కాంట్రాక్టరు చెట్ల మొదళ్ల దాకా కాంక్రీటు పోసి పోయాడు. బకెట్టు నీళ్లు పోస్తే చుక్క ఇంకకుండా కాలవలోకి జారిపోయేవి. 2013లో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఢిల్లీలో చెట్ల చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తీసేయమని చెప్పింది. ఆ ఆదేశం కాగితం పట్టుకుని తిరిగాం. అనుమతి వచ్చాక కూలీలను పెట్టి, మేమూ పక్కన కూర్చుని, ఉలీ సుత్తీతో పగలగొట్టాం. ముసలి కానుగ చుట్టూ పలక లేచినప్పుడు దాని కింద మట్టి తెల్లగా, బూడిదలా ఉంది. తడి వాసన లేదు. మొదటి బకెట్టు పోయగానే అది చప్పుడు చేస్తూ పీల్చుకుంది, సన్నటి బుడగలు లేచాయి. మేం ఏడెనిమిది మందిమి అలా వంగి చూస్తూ ఉండిపోయాం.

గార్డుల సంగతీ అంతే. ఇచ్చేటప్పుడు దాత పేరు కనబడేలా బిగిస్తారు, మాను లావెక్కాక విప్పడానికి ఎవరూ రారు. మా నేరేడు ఒకటి ఇనుప చువ్వను సగం లోపలికి మింగేసింది. చువ్వకు పైనా కిందా బెరడు పెదవుల్లా ఉబ్బి మూసుకుపోయింది. పీకితే మాను చీలుతుంది. అందుకని లోపల ఉన్న ముక్కను అలాగే వదిలి, బయటి భాగాన్ని హాక్సాతో ఇరువైపులా కోశాం. ఆరు గార్డులకు ఒక రోజంతా పట్టింది.

కొమ్మలు కోయడంలో కూడా చేయి తిరగాలి. తుపాన్ల కాలం రాకముందే తల బరువు తగ్గించాలి, గాలి లోపలి నుంచి పోయేలా పలచన చేయాలి. అంతేకానీ నెత్తిన కొడవలి వేసి బోడి చేయకూడదు. బరువైన కొమ్మను ఒక్క వేటులో పైనుంచి కోస్తే, అది విరిగి పడుతూ మాను బెరడును కిందిదాకా చీల్చుకుపోతుంది. ముందు కొమ్మ అడుగు భాగాన, మానుకు అడుగు దూరంలో మూడో వంతు లోతుకు రంపం పెట్టాలి. తరువాత దానికి కాస్త బయటగా పైనుంచి కోయాలి. కొమ్మ పడ్డాక మిగిలిన మొద్దును, దాని మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే మెడను వదిలి తీసేయాలి. ఆ మెడలోంచే గాయం మానుతుంది. ఇది నేర్చుకోవడానికి పదవీ విరమణ చేసిన ఇంజినీరు గారికీ, డిగ్రీ చదివే కుర్రవాడికీ ఒకే ఆదివారం సరిపోయింది.

ఒక్కోసారి ఏమీ చేయకపోవడమే పెంపకం. 2021 చివర్లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వేపచెట్లు చివర్ల నుంచి మాడిపోయాయి, గుర్తుందా? తెగులు వల్ల కొమ్మ చివర్లు ఎండి, చెట్టంతా నిప్పు సెగ తగిలినట్టు కనిపించింది. చాలా చోట్ల చచ్చిపోయిందని కొట్టేశారు. మా రెండు వేపలనూ కొట్టించాలని పట్టుబట్టినవారు ఉన్నారు. మాస్టారు కర్ర పట్టుకుని వచ్చి మాను బెరడు గోటితో గీరి చూపించారు. లోపల తడి ఉంది. వేసవి వచ్చేసరికి రెండూ చిగిర్చాయి.

ఏడాకుల పొన్నల మీద మాత్రం మాకు ఇంకా తగువు తీరలేదు. హుద్‌హుద్ తరువాత త్వరగా ఎదుగుతాయని ఊరంతా వేశారు. అక్టోబరు నుంచి పూస్తాయి, సాయంత్రం అయ్యేసరికి ఆ వాసన గొంతులో కూర్చుంటుంది. పడనివారికి తలనొప్పి, దగ్గు. ఆయాసం ఉన్న పిల్లవాడి తల్లి కొట్టేయమంటుంది, ఆమె బాధ అర్థమవుతుంది. ఎదిగిన చెట్టు నీడ వదులుకోలేమని ఎదురింటి వారు అంటారు, అదీ నిజమే. కొత్తగా వాటిని నాటకూడదని, వాటి పక్కనే కానుగలు పెంచి, అవి నీడనిచ్చే నాటికి అనుమతి తీసుకుని ఒక్కొక్కటీ తీయాలని నా పక్షం. అది కొన్నేళ్ల పని. వంతు లేని వీధి కొన్నేళ్ల పని గురించి మాట్లాడజాలదు.

వంతు ఎప్పుడూ సాఫీగా సాగిందని చెప్పను. 2020 లాక్‌డౌన్ వేసవిలో అందరూ ఇళ్లలోనే ఉన్నారు, మొక్కలకు ఒక్క పూట తప్పలేదు. 2022లో ఆఫీసులు మళ్లీ నిండాక ఏప్రిల్‌లో పదిహేను రోజులు పుస్తకం ఖాళీగా ఉంది, రెండు కానుగలు పోయాయి. మళ్లీ ఇల్లిల్లూ తిరిగి మొదలుపెట్టాం. అప్పుడు నిలబెట్టింది అద్దె ఇళ్లవారు. మా వీధిలో సగం ఇళ్లు అద్దెవే. సంఘం సమావేశాలకు మేం వారిని పిలిచేవాళ్లం కాదు, ఏడాదికో రెండేళ్లకో వెళ్లిపోయేవారికి చెట్లతో పనేమిటని. మూలింటి మేడ మీద ఉండే నర్సు అమ్మాయి అడిగింది: "అంకుల్, నైట్ డ్యూటీ దిగి నేను వచ్చేది ఈ నీడలోనే కదా. నా వంతు ఎప్పుడు?" ఆ మాటతో అద్దెవారందరి పేర్లూ జట్లలో చేర్చాం. పుస్తకం తీసి చూస్తే తప్పిన వంతుల్లో ఎక్కువ సొంత ఇళ్లవారివే.

ఆ పుస్తకం మూలింటి గేటు లోపల, వాన తగలకుండా ఒక ప్లాస్టిక్ సంచిలో వేలాడుతూ ఉంటుంది. ఆ అమ్మాయి ఈ మార్చిలో బదిలీ మీద రాజమండ్రి వెళ్లింది. వెళ్లేముందు రాసిన ఆఖరి వంతు ఇదీ: "14వ చెట్టు పాదులో చెదలు. వేపపిండి వేశాను, వారం తరువాత చూడాలి. 22కి ఊతకర్ర వదులు చేశాను, తాడు మానులోకి దిగుతోంది. పైపు చివర కారుతోంది, క్లిప్పు కొనాలి."

క్లిప్పు కొన్నాం. చెదలు తగ్గాయి. రేపు మంగళవారం, మా జట్టు వంతు. ఇప్పుడు కూడా ఐదింటికే మొదలుపెడతాం, మాస్టారు అప్పటికే కుర్చీ వేసుకుని వాకిట్లో కూర్చుని ఉంటారు.